పని దినచర్య దేనిలో రాయాలి? పుస్తకం, ఫైలు, టైమర్ల పోలిక

"మార్చి బిల్లులో ఒక మంగళవారం నాలుగు గంటలు వేశారు, ఆ నాలుగు గంటలూ దేనికండీ?" అని ఒక క్లయింటు ఫోనులో మర్యాదగానే అడిగారు. అడిగింది మే నెలలో. హిమాయత్‌నగర్‌లో కూర్చుని చిన్న సంస్థల లెక్కలూ పన్ను వ్యవహారాలూ చూసే నాకు ఆ ప్రశ్న కొత్త కాదు, కానీ ఆ రోజు జవాబు మాత్రం చేతిలో లేదు. గంటల లెక్క ఫోనులోని టైమర్‌లో ఉంది, అందులో ఏం చేశానన్నది లేదు. ఏం చేశానన్నది నోటుపుస్తకంలో ఉంది, దాని మీద తేదీ లేదు. రెండింటినీ జోడించి ఆయనకు సమాధానం చెప్పేసరికి ఒక పూట గడిచిపోయింది, ఆ పూటకు ఎవరికీ బిల్లు వేయలేను కదా. అప్పటినుంచి పని దినచర్యను, అంటే ఏ పని ఎంతసేపు చేశానో రాసుకునే లెక్కను, ఒక్కచోటే, ఒక్క వరుసలోనే రాయాలని పట్టుబట్టి నాలుగైదు పద్ధతులు మార్చి చూశాను. ఏది ఎవరికి పనికివస్తుందో ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

చిట్టా ముందు, ఆవర్జా తర్వాత

మన పాత లెక్కల పద్ధతిలో చిట్టా వేరు, ఆవర్జా వేరు. ఏ రోజు ఏది జరిగితే అది జరిగిన వరుసలోనే చిట్టాకు ఎక్కుతుంది. తీరిక చూసుకుని దానినే ఒక్కొక్కరి ఖాతా కింద విడదీసి ఆవర్జాలోకి దింపుతారు. కొట్టు కట్టేసే వేళకు చిట్టా పూర్తయి ఉండాలి, ఆవర్జా రేపు రాసుకున్నా కొంప మునగదు. పని దినచర్యకూ ఇదే వర్తిస్తుంది. చాలామంది మొదటిరోజే క్లయింటుకొక ఫోల్డరు, ప్రాజెక్టుకొక పేజీ, దాని కింద మళ్లీ ఉపపేజీలు అని ఆవర్జాతో మొదలుపెడతారు. ఫోను మోగి, అవతలివారు చెప్పింది రెండు ముక్కలు రాసుకోవలసిన క్షణంలో ఇది ఏ పేజీలోకి వెళ్లాలన్న సందేహం వస్తుంది, ఆ సందేహం తీరేలోపు ఇంకో ఫోను వస్తుంది, రాయడం అక్కడితో ఆగిపోతుంది. అందుకని ఏ సాధనాన్ని చూసినా నేను అడిగే మొదటి ప్రశ్న ఇది: తెరిచిన వెంటనే నేటి తేదీ కింద, చివరి వరుస తర్వాత, ఏమీ ఎంచుకోకుండా రాయగలనా? దీనికి అవునన్న జవాబు రానిది ఎంత అందంగా ఉన్నా నాకు పనికిరాదు.

రెండో ప్రశ్న కాలాన్ని ఎలా కొలుస్తుందన్నది. దీనికి రెండు దారులున్నాయి. మొదటిది అందరికీ తెలిసిన టైమర్ పద్ధతి: పని మొదలుపెట్టేటప్పుడు ఒకసారి నొక్కాలి, ఆపేటప్పుడు ఇంకోసారి నొక్కాలి. రెండోది అంతగా ప్రచారంలో లేదు గానీ నాకు అదే నచ్చింది. పని ముగిశాక, ముగిసిన సమయం వేసి ఏం చేశామో ఒక వరుస రాస్తాం. పైవరుస సమయానికీ ఈ వరుస సమయానికీ మధ్య ఉన్న తేడాయే ఆ పనికి పట్టిన కాలం. లైనక్స్ వాడేవారికి తెలిసిన జీటైమ్‌లాగ్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఈ సూత్రం మీదే నడుస్తుంది. అందులో వరుస చివర రెండు నక్షత్ర గుర్తులు పెడితే ఆ సమయం పని కింద లెక్కకు రాదు. మా ఆఫీసులో ఒక పొద్దుటి పూట ఇలా ఉంటుంది:

09:35 వచ్చాను ** 
10:20 సిమెంటు కొట్టు: జీఎస్టీ నోటీసుకు జవాబు చిత్తుప్రతి, యజమానికి మెయిల్ చేశాను
10:35 టీ ** 
12:50 ట్రస్టు ఆడిట్: మార్చి బ్యాంకు సరిపోల్చడం; రెండు చెక్కులు ఇంకా తేలలేదు, సోమవారం బ్యాంకుకు ఫోను చేయాలి

ఇందులో నోటీసు పనికి 45 నిమిషాలు, ఆడిట్‌కు రెండుంబావు గంటలు అని విడిగా ఎక్కడా రాయనక్కర్లేదు. అంతకన్నా ముఖ్యమైనది, రెండు చెక్కులు తేలలేదన్న నోట్సూ రెండుంబావు గంటల లెక్కా ఒకే వరుసలో పుట్టాయి, కనుక మూడు నెలల తర్వాత అవి విడిపోయే ప్రమాదం లేదు. టైమర్ పద్ధతిలో మరిచిపోతే కాలం అంతులేకుండా పెరిగిపోతుంది. ఒక గురువారం సాయంత్రం 6:40కి మొదలుపెట్టిన టైమర్‌ను ఆపకుండా ఇంటికి వెళ్లిపోయాను. శుక్రవారం పొద్దున 9:30కి చూస్తే ఒక చిన్న రిటర్ను దాఖలుకు 14 గంటల 50 నిమిషాలు పట్టినట్టు చూపించింది. ఈ రెండో పద్ధతిలో మరిచిపోయినా పోయేది కొద్దే: రెండు పనులు ఒకే వరుసలో కలిసిపోతాయి, జ్ఞాపకం ఉన్నంతలో విడదీసుకోవచ్చు. అయితే దీనికీ ఒక లోపం ఉంది. ఒక పని చేస్తూ మధ్యలో పది నిమిషాలు ఇంకొకరి ఫోను మాట్లాడి మళ్లీ పాత పనికే వస్తే, ఫోనుకు ముందు ఒక వరుస, ఫోను తర్వాత ఒక వరుస రాసే ఓపిక ఉండాలి. రోజుకు ముప్పై సార్లు పని మారే సహాయ కేంద్రాల ఉద్యోగులకు ఇది భారమే.

కాగితం

కాగితాన్ని తీసిపారేయకండి. నాంపల్లి కోర్టుల్లో ప్రాక్టీసు చేసే మిత్రుడొకరు ఇప్పటికీ వాయిదాలన్నీ న్యాయవాదుల డైరీలోనే రాసుకుంటారు. కోర్టు హాలులో ఫోను తీసి టైపు చేస్తూ కూర్చుంటే బాగుండదు, డైరీ తెరిస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఛార్జింగు అక్కర్లేదు, పాస్‌వర్డు అక్కర్లేదు, రాసిన వరుస మారదు. పేజీలకు ముందే అంకెలు వేసి, చించకుండా, కొట్టివేతలను ఒక్క గీతతో కొట్టేసి రాస్తే తర్వాత ఎవరు ప్రశ్నించినా ఆ పుస్తకానికి ఉండే విలువ ఫైలుకు అంత తేలికగా రాదు.

కొనేటప్పుడు ఒక మాట. డిసెంబరు చివర కోఠీలో దొరికే తేదీలు అచ్చువేసిన డైరీలు చూడముచ్చటగా ఉంటాయి గానీ, మాలాంటి వారి సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది, ఆ ఒక్క సంవత్సరం రెండు డైరీల మధ్య చీలిపోతుంది. పైగా తేదీ అచ్చయిన పేజీ ఒక రోజు చాలదు, ఇంకో రోజు ఖాళీగా మిగులుతుంది. గీతల లాంగ్ నోటుబుక్కు తీసుకుని తేదీ మీరే వేసుకోవడం మేలు. ఎడమ పక్క వేలెడు వెడల్పున మార్జిను గీసి సమయం అక్కడ వేస్తే పేజీ మీద చూపు వేయగానే రోజంతా కనపడుతుంది.

కాగితం కూడిక చేయదు, వెతికిపెట్టదు. నేను పుస్తకం వాడినన్నాళ్లూ ప్రతి శనివారం అరగంట కూర్చుని వారం మొత్తాన్ని క్లయింటువారీగా కూడేవాడిని. రెండు శనివారాలు తప్పితే మూడో శనివారం ఇక కూర్చోబుద్ధి కాలేదు. నెలకు ముగ్గురు నలుగురికి మించి బిల్లు వేయనివారికి కాగితం చాలు. అంతకు మించితే కష్టం.

ఫైలు, షీటు

ఖర్చు లేకుండా, నేర్చుకునే బెడద లేకుండా మొదలుపెట్టాలంటే మామూలు టెక్స్ట్ ఫైలుకు సాటి లేదు. విండోస్ వాడేవారిలో చాలామందికి తెలియని సదుపాయం నోట్‌ప్యాడ్‌లోనే ఉంది: ఫైలు మొదటి వరుసలో ఒక చుక్క, దాన్ని ఆనుకుని ఇంగ్లీషు పెద్దక్షరాల్లో లాగ్ అని రాసి భద్రపరిస్తే, ఆ ఫైలును తెరిచిన ప్రతిసారీ చివర అప్పటి సమయమూ తేదీ వాటంతట అవే పడతాయి. ఫైలు తెరిచే ఉంటే ఎఫ్5 మీట నొక్కితే చాలు. ఇందాక చెప్పిన రెండో పద్ధతికి ఇంతకు మించిన సాధనం అక్కర్లేదు. మీరే తేదీ టైపు చేసేటప్పుడు సంవత్సరం, నెల, రోజు అన్న క్రమంలో, అంటే 2025-07-14 అన్నట్టుగా రాయడం అలవాటు చేసుకోండి. ఫైళ్ల పేర్లలో ఇలా రాస్తే అవి కాలక్రమంలో తమంత తామే సర్దుకుంటాయి, జులై 4 అన్న అర్థంలో రాసినది ఏప్రిల్ 7 అయిపోయే గొడవ ఉండదు. నోట్‌ప్యాడ్ ఫైలు కూడిక చేయదు కనుక నెలాఖరున చేత్తోనో షీటులో అతికించో కూడుకోవాలి.

అందుకే నేరుగా ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో రాస్తే పోలేదా అని అనిపిస్తుంది. మా వృత్తిలో అందరికీ చేయి తిరిగినది అదే. కంట్రోల్ మీటతో సెమికోలన్ నొక్కితే నేటి తేదీ, వాటికి షిఫ్ట్ కలిపి నొక్కితే ఇప్పటి సమయం గడిలో పడతాయి. ఫార్ములాతో తెచ్చిన సమయంలాగా మళ్లీ తెరిచినప్పుడు మారిపోవు. క్లయింటువారీ కూడిక పివట్ పట్టికతో క్షణాల్లో వస్తుంది, అంటే ఆవర్జా దానంతట అదే తయారవుతుంది. కానీ షీటులో మూడు గుంటలున్నాయి, మూడింటిలోనూ నేను పడ్డాను.

మొదటిది వారం కూడిక. 41 గంటల 30 నిమిషాలు రావలసిన చోట మామూలు సమయం ఫార్మాటులో 17:30 అని చూపిస్తుంది, ఎందుకంటే 24 గంటలు దాటగానే రోజు మారిందని అది లెక్కవేసుకుంటుంది; ఫార్మాటులో గంటల అక్షరాన్ని (h) చదరపు బ్రాకెట్లలో పెడితే సరిపోతుంది. రెండోది అర్ధరాత్రి. రాత్రి 11:15కి మొదలై 12:40కి ముగిసిన పనిని తీసివేస్తే రుణసంఖ్య వచ్చి ఎక్సెల్ గడి నిండా దడి గుర్తులు (#) కనపడతాయి. తీసివేతను మోడ్ (MOD) ఫార్ములాలో పెట్టి భాజకంగా ఒకటి ఇస్తే గంటా ఇరవై ఐదు నిమిషాలని సరిగా వస్తుంది. మూడోది అన్నింటికన్నా ఖరీదైనది. 1:20 అంటే గంటా ఇరవై నిమిషాలు, అది దశాంశంలో 1.33, కానీ బిల్లులో 1.20 అని వేసేవారు మా వృత్తిలోనే ఉన్నారు. గంటకు 1500 రూపాయల చొప్పున ఆ ఒక్క వరుసలోనే 200 రూపాయలు నష్టం. విదేశీ న్యాయవాద సంస్థలకు పనిచేసేవారికి ఆరు నిమిషాలను ఒక పదోవంతుగా లెక్కించే అలవాటు ఉంటుంది కనుక ఈ పొరపాటు అంతగా రాదు.

ఈ గుంటలన్నీ పూడ్చుకోవచ్చు. పూడ్చలేనిది ఒక్కటే: గడిలో పొడవైన నోట్సు రాయబుద్ధి కాదు. షీటులో రాసిన నా మూడు నెలల దినచర్య చూస్తే "ఆడిట్ పని", "ఆడిట్ పని", "ఫోను" అని తప్ప ఏమీ లేదు. గంటలు పక్కాగా ఉన్నాయి గానీ మే నెలలో ఆ క్లయింటు అడిగిన ప్రశ్నకు అవి కూడా జవాబు చెప్పలేవు.

టైమర్లు, రోజువారీ పేజీలు

టాగుల్, క్లాకిఫై వంటి టైమర్ సేవలు పని మొదలును, ముగింపును పట్టుకోవడానికే పుట్టాయి. 2006లో ఎస్టోనియాలో మొదలైన టాగుల్ ఈ రంగంలో పాతకాపు. నివేదికలు చక్కగా వస్తాయి, ఫోనూ కంప్యూటరూ ఒకే లెక్కను చూపిస్తాయి, పదిమంది కలిసి పనిచేసే చోట ఎవరి గంటలు ఎన్నో యజమానికి ఒక్కచోట తెలుస్తుంది. జట్టుగా పనిచేసేవారికి నేను చెప్పేది ఇవే. ఒంటరిగా పనిచేసేవారు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి, ఎందుకంటే వీటిలో పని వివరణకు ఉండేది ఒక చిన్న పెట్టె, అందులో రాసేవి నాలుగు మాటలే. ఉచితంగా వాడుకుంటూ వచ్చిన ఒక సేవ నుంచి నేను బయటికి రావలసి వచ్చినప్పుడు గంటలన్నీ ఫైలుగా చేతికొచ్చాయి, విడిగా రాసుకున్న వ్యాఖ్యలు మాత్రం రాలేదు. అందుకని ఏ సేవలో చేరినా మొదటి వారంలోనే డేటా బయటికి తీసి చూడండి. ఏమేం వస్తున్నాయో ఏమేం రావడం లేదో నష్టపోయేంత పోగుపడక ముందే తెలుస్తుంది.

నోట్సు వైపు నుంచి చూస్తే అబ్సిడియన్, లాగ్‌సీక్ వంటివి ఉన్నాయి. లాగ్‌సీక్ తెరవగానే నేటి పేజీయే ముందుకొస్తుంది, కనుక నా మొదటి ప్రశ్నకు అది తడుముకోకుండా జవాబు చెబుతుంది. అబ్సిడియన్‌లోనూ డైలీ నోట్స్ అన్న సదుపాయాన్ని ఆన్ చేసుకుంటే రోజుకొక పేజీ తయారవుతుంది, ఆ పేజీలు మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా మన డిస్కులోనే ఉంటాయి. చిట్టాలో రాస్తూనే క్లయింటు పేరును లింకుగా మారిస్తే ఆ పేరు మీద నొక్కినప్పుడు వారి వరుసలన్నీ ఒక్కచోట కనపడతాయి. చిట్టా నుంచి ఆవర్జా దింపే పని ఇక్కడ శ్రమ లేకుండా జరిగిపోతుంది. గంటల లెక్క మాత్రం అబ్సిడియన్‌కు స్వతహాగా రాదు, ఎవరో రాసిన ప్లగిన్‌ను, అంటే అదనపు భాగాన్ని, తగిలించుకోవాలి. ఆ ప్లగిన్‌ను రాసినవారు వదిలేస్తే లెక్క ఆగిపోతుంది, కనుక నేనైతే సమయాన్ని వరుస మొదట చేత్తోనే వేస్తాను.

నోట్సూ గంటలూ రెండూ పుట్టుకతోనే కలిసి ఉన్న సాధనం కావాలంటే ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లోని ఆర్గ్ మోడ్‌ను చూడాలి. ఖగోళ శాస్త్రవేత్త కార్‌స్టెన్ డొమినిక్ 2003లో దీన్ని మొదలుపెట్టారు. పని శీర్షిక మీద ఉండి గడియారం మొదలుపెడితే ఆ శీర్షిక కిందే మొదలైన సమయం, ఆపాక ముగిసిన సమయం, మొత్తం నిమిషాలు ఒక వరుసగా పడతాయి. కొంతసేపు కీబోర్డు ముట్టకపోతే ఆ సమయాన్ని ఉంచాలా తీసేయాలా అని అడిగేలా కూడా అమర్చుకోవచ్చు. నా గురువారం రాత్రి 14 గంటల గొడవ అక్కడ జరిగేది కాదు. మాదాపూర్‌లో ప్రోగ్రామర్‌గా ఉన్న మా మేనల్లుడు దీనినే వాడతాడు, ఇందులోంచి బయటికి రమ్మంటే రాడు. అయితే ఈమాక్స్ నేర్చుకోవడానికి పట్టే వారాలను ఏ క్లయింటు ఖాతాలో వేస్తారో ముందే ఆలోచించుకోండి. ఇదివరకే ఆ వాతావరణంలో ఉన్నవారికి తప్ప ఇతరులకు నేను చెప్పను.

ఏ విండో ఎంతసేపు తెరిచి ఉందో తనంత తానే రాసుకునే యాక్టివిటీవాచ్ లాంటివి కూడా ఉన్నాయి, ఇది ఉచితమే, డేటా మన కంప్యూటరు దాటిపోదు. కానీ ఎక్సెల్ మూడు గంటలు తెరిచి ఉందని అది చెప్పగలదు, ఆ మూడు గంటలూ ఎవరి లెక్క చూశామో చెప్పలేదు. దినచర్యలో ఒక మధ్యాహ్నం జారిపోతే గుర్తు తెచ్చుకోవడానికి సాక్షిగా ఉంచుకోవచ్చు, అంతే.

తెలుగులో రాసేవారికి

ఇతరుల పోలికల్లో కనపడని విషయం ఇది. తెలుగులో రాసుకుంటే వెతుకులాటలో అనుకోని చిక్కు వస్తుంది. నా ఫైలులోనే జీఎస్టీ, జిఎస్‌టి, జి.ఎస్.టి. అని మూడు రకాలుగా ఉంది. ఒకదాన్ని వెతికితే మిగతా రెండూ దొరకవు. దీనికి తోడు సాఫ్ట్‌వేర్ లాంటి మాటల మధ్య, పొల్లు తర్వాత, కంటికి కనపడని విడదీత గుర్తు ఒకటి ఉంటుంది. కొన్ని కీబోర్డులలో అది తనంత తానే పడుతుంది, కొన్నింటిలో మనం వేయాలి, మాట చివర పడితే తెర మీద తేడాయే తెలియదు. మామూలు టెక్స్ట్ వెతుకులాటకు మాత్రం ఆ రెండూ రెండు వేర్వేరు మాటలు. అందుకని క్లయింటుకొక చిన్న గుర్తుమాట పెట్టుకుని, పొల్లు లేని మాటగా, ఎప్పుడూ ఒకేలా రాయండి. "సిమెంటు" అన్నది పనికొస్తుంది, "సిమెంట్" అన్నది ఇబ్బంది పెడుతుంది. మిగతా వాక్యం ఎలా రాసినా ఫరవాలేదు. అమీర్‌పేటలో మెట్రో మారి రాయదుర్గం చేరేలోపు ఫోనులో గొంతుతో చెప్పి రాయించుకునేవారు ఈ గుర్తుమాటను మాత్రం చేత్తో సరిచూసుకోవాలి, క్లయింటు పేరును ఫోను తనకు తోచినట్టు రాస్తుంది.

ఎవరికి ఏది

బయట తిరిగే పని, కొద్దిమంది క్లయింట్లు ఉంటే పుస్తకం. ఒక్కరే, ఒక్క కంప్యూటరు ముందు కూర్చునేవారైతే టెక్స్ట్ ఫైలు, ముగింపు సమయం వేసే పద్ధతి; నేను ఇప్పుడు వాడుతున్నది ఇదే, నెలాఖరున మాత్రమే షీటులోకి దింపుతాను. నోట్సు ఎక్కువ, గంటలు తక్కువ అయితే రోజువారీ పేజీల సాఫ్ట్‌వేర్. గంటలు అడిగేవారు పైన ఉండి, జట్టుగా పనిచేస్తుంటే టైమర్ సేవ తప్పదు, దానితోపాటు నోట్సుకు ఒక ఫైలు పెట్టుకోండి. ఉద్యోగంలో ఉన్నవారు ఆఫీసు విషయాలను సొంత ఖాతాలోని క్లౌడ్ సేవలో రాయడానికి ముందు తమ ఒప్పంద పత్రంలోని గోప్యత నిబంధనలు ఒకసారి చదువుకోవాలి.

అమెరికా వారితో పనిచేసే గచ్చిబౌలి, మాదాపూర్ ఉద్యోగులకు ఒక అదనపు జాగ్రత్త. న్యూయార్కుకూ మనకూ తేడా చలికాలంలో పదిన్నర గంటలు, మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా తొమ్మిదిన్నర. మన గడియారం ఏడాదంతా మారదు కనుక దినచర్యలో మన సమయమే వేసి, నివేదిక పంపేటప్పుడు మాత్రమే మార్చండి. అర్ధరాత్రి దాటాక చేసే పని ఏ తేదీ కిందకు వస్తుందో కూడా ముందే నిర్ణయించుకోవాలి. జీటైమ్‌లాగ్‌లో తెల్లవారుజాము రెండింటి దాకా చేసినది ముందురోజు కిందే పడుతుంది. మీ పని నాలుగింటిదాకా సాగితే ఆ హద్దును నాలుగుకు జరుపుకోవచ్చు.

ఒకదాని నుంచి ఇంకొకదానికి మారేటప్పుడు పాతవన్నీ కొత్తదానిలోకి ఎక్కించాలని కూర్చోవద్దు. నేను కూర్చుని, రెండు వారాలు ఎక్కించి, సగంలో వదిలేశాను, ఇప్పుడు ఏ వరుస అసలైనదో నాకే తెలియదు. నెల మొదటి తేదీన కొత్తది మొదలుపెట్టి, పాతదాని చివరి వరుసలో కొత్తది ఎక్కడుందో, కొత్తదాని మొదటి వరుసలో పాతది ఎక్కడుందో రాసి పెట్టండి. పాతది పుస్తకమైతే అట్ట మీద మొదటి తేదీ, చివరి తేదీ వేసి ఆ సంవత్సరపు బిల్లుల దస్త్రంలోనే ఉంచండి.